వారెన్స్‌బర్గ్ లెక్కల్లో హైదరాబాద్ వీసా

పిల్లల్ని ఎంఎస్‌కి పంపాలనుకునే తెలుగు ఇళ్లలో యూసీఎం పేరు ఎప్పుడో ఒకప్పుడు వినపడే ఉంటుంది. యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ మిస్సోరీ. ఐ-20 (వీసాకు కావాల్సిన అడ్మిషన్ పత్రం) చేతికొచ్చాక గానీ అది ఎక్కడుందో చాలామంది మ్యాప్‌లో వెతకరు. కాన్సస్ సిటీ నుంచి కారులో గంట దూరం. చుట్టూ పొలాలు, మధ్యలో ఇరవై వేలకు అటూఇటూగా జనాభా ఉన్న వారెన్స్‌బర్గ్. మన దగ్గరైతే పెద్ద మండల కేంద్రం అనుకోవచ్చు. కాలేజీ టీముల పేరు మ్యూల్స్, అంటే కంచరగాడిదలు. నవ్వొద్దు, మిస్సోరీ రాష్ట్ర జంతువు అదే.

2025 ఫాల్‌లో, అంటే ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్‌లో, ఈ ఊరి పేరు అమెరికా పత్రికల్లోకెక్కింది. ఆ ఏడాది మే నెలాఖరు నుంచి మూడు వారాల పాటు స్టూడెంట్ వీసాలకు కొత్త ఇంటర్వ్యూ స్లాట్లు ఇవ్వలేదు. తర్వాత సోషల్ మీడియా ఖాతాల తనిఖీ మొదలైంది. అడ్మిషన్ వచ్చినా స్లాట్ దొరక్క మన పిల్లలు ఇక్కడే ఆగిపోయారు. యూసీఎంలో కొత్తగా చేరాల్సిన విదేశీ విద్యార్థుల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. అప్పటికి అక్కడ ఫీజుల రాబడిలో నాలుగో వంతుకు దగ్గరగా విదేశీ విద్యార్థుల నుంచే వచ్చేది. దాంతో ఉద్యోగులకు జీతాల పెంపు ఆపారు, నిర్మాణ పనులు వాయిదా వేశారు.

హైదరాబాద్‌లో స్లాట్ దొరక్కపోతే మిస్సోరీలో పంతులుగారి జీతం ఎందుకు ఆగాలి?

ఈ కాలేజీ పుట్టింది పంతుళ్లను తయారు చేయడానికే. 1871లో స్టేట్ నార్మల్ స్కూల్‌గా మొదలైంది. నార్మల్ స్కూల్ అంటే మన టీచర్ ట్రైనింగ్ లాంటిదే. పల్లె బడులకు టీచర్లు కావాలి కాబట్టి రాష్ట్రాన్ని జిల్లాలుగా విడదీసి ఒక్కో చోట ఒక్కో స్కూల్ పెట్టారు. 1873లో వచ్చిన కేప్ జిరార్డో స్కూల్ ఇప్పటి సౌత్‌ఈస్ట్ మిస్సోరీ స్టేట్, 1905 నాటి మేరీవిల్ స్కూల్ ఇప్పటి నార్త్‌వెస్ట్ మిస్సోరీ స్టేట్. మన కన్సల్టెన్సీల లిస్టుల్లో కనిపించే పేర్లే ఇవి. పేరు కొత్తగా అనిపించగానే "ఊరూపేరూ లేని యూనివర్సిటీ" అని కొట్టిపారేస్తాం గానీ, వీటిలో చాలా వాటి వయసు మన ఉస్మానియా కంటే ఎక్కువ.

వీటిలో చదివింది చుట్టుపక్కల రైతుల పిల్లలే. వాళ్లలో ఒకడు డేల్ కార్నెగీ. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు అమ్మే ప్రతి షాపులోనూ కనిపించే ఆ పేరే. ఊళ్లో గదికి, భోజనానికి రోజుకు ఒక డాలర్ పెట్టే స్తోమత ఆ ఇంటికి లేదు. అందుకని పొలం దగ్గరి ఇంటి నుంచి రోజూ గుర్రమెక్కి వారెన్స్‌బర్గ్ కాలేజీకి వచ్చేవాడు. 1908లో చదువు ముగించాడు.

కాలేజీ పేరు నాలుగుసార్లు మారింది. 1919లో టీచర్స్ కాలేజీ, 1940లలో స్టేట్ కాలేజీ, 1972లో స్టేట్ యూనివర్సిటీ, 2006లో ఇప్పటి పేరు. బోర్డు మారినప్పుడల్లా కోర్సులు పెరిగాయి, సొంత విమానాశ్రయంలో పైలట్ శిక్షణ కూడా ఉంది. కానీ డబ్బు వచ్చే దారులు పెరగలేదు. కొలంబియాలోని పెద్ద మిస్సోరీ యూనివర్సిటీకి పరిశోధన గ్రాంట్లు, భారీ విరాళాలు వస్తాయి. ఇలాంటి ప్రాంతీయ యూనివర్సిటీలకు దిక్కు రెండే: రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చేది, విద్యార్థి కట్టేది. 2008 మాంద్యం తర్వాత అమెరికాలో చాలా రాష్ట్రాలు మొదటిదానికి కోత పెట్టాయి. ఇక రెండోదాన్ని పెంచుకోవాలి. స్థానికుల ఫీజు ఎడాపెడా పెంచితే ఊరుకోరు. మిగిలింది ఎక్కువ ఫీజు కట్టే బయటివాళ్లు.

సరిగ్గా అదే ఏడాది, 2008 ఏప్రిల్‌లో, సైన్స్, ఇంజనీరింగ్ చదివినవాళ్లకు ఓపీటీని, అంటే చదువయ్యాక ఏడాది పాటు అక్కడే పనిచేసుకునే అనుమతిని, మరో 17 నెలలు పొడిగించారు. 2016లో ఆ పొడిగింపు 24 నెలలైంది. మొత్తం మూడేళ్లు పనిచేసుకోవచ్చు. ఆ మూడేళ్లలో లోన్ తీరుతుంది, హెచ్-1బీ వర్క్ వీసా లాటరీలో రెండు మూడుసార్లు పేరు వేయొచ్చు. ఇంట్లో నాన్న కాగితం మీద వేసే లెక్క ఇదే. ఆ లెక్కలో ర్యాంకింగ్ కంటే ఫీజు, అడ్మిట్ వచ్చే అవకాశం ముఖ్యం. వారెన్స్‌బర్గ్ అవసరం, మన ఇంటి అవసరం అలా కలిశాయి. కంప్యూటర్ సైన్స్ క్లాసులు మనవాళ్లతో నిండాయి.

కాన్సస్ సిటీ శివారు లీస్ సమ్మిట్‌లో యూనివర్సిటీకి రెండో క్యాంపస్ ఉంది. ఇప్పటి భవనం 2017లో తెరిచారు, స్థానిక స్కూల్ డిస్ట్రిక్ట్‌తో కలిసి వాడుకుంటారు. సిటీ దగ్గర కాబట్టి "వారెన్స్‌బర్గా, లీస్ సమ్మిటా?" అన్నది మన వాట్సాప్ గ్రూపుల్లో తెగని చర్చ. అపార్ట్‌మెంట్ అద్దె, కారు లేకపోతే ఎలా, రూమ్మేట్లు ఎవరు, అన్నీ దాని మీదే ఆధారపడతాయి.

2025 దెబ్బ మొదటిదేమీ కాదు. అసలు నాకు ఆశ్చర్యం అక్కడే. 2016 ఫాల్‌లో యూసీఎంలో విదేశీ విద్యార్థులు 2,600 మందికి పైగా ఉండేవారు. ట్రంప్ తొలిసారి అధికారంలోకి వచ్చిన ఏడాది, 2017 ఫాల్ నాటికి వెయ్యి లోపుకు పడిపోయారు. అప్పుడూ కోతలే, కంప్యూటర్ కోర్సుల బోధకులూ తగ్గారు. కోవిడ్ తర్వాత మళ్లీ మన పిల్లలు వరదలా వెళ్లారు. 2023-24లో అమెరికాలోని భారత విద్యార్థులు 3,31,602కు చేరి చైనాను దాటారు. వారెన్స్‌బర్గ్ కూడా పాత దెబ్బ మరిచి మళ్లీ అదే కొమ్మ పట్టుకుంది. తప్పు పట్టడం తేలికే గానీ, వేరే కొమ్మ చూపించినవాళ్లెవరూ లేరు.

స్థానిక పిల్లల్ని ఎక్కువగా చేర్చుకోవచ్చు కదా అంటే, అక్కడా చిక్కుంది. అమెరికాలో జననాలు 2007లో తారస్థాయికి చేరి, మాంద్యంతో తగ్గడం మొదలయ్యాయి, మళ్లీ ఆ స్థాయికి చేరలేదు. ఆ 2007 పిల్లలకు పద్దెనిమిదేళ్లు నిండిన ఏడాది 2025.