పాలకూర దగ్గర మొదలై ఎముక క్యాన్సర్ వార్డు దాకా

బ్రోకలీ తింటే ఎముక క్యాన్సర్ కణాలు చచ్చిపోతాయనే మెసేజ్ ఫ్యామిలీ గ్రూపుల్లో మళ్లీ మళ్లీ తిరుగుతూనే ఉంటుంది. అది పూర్తిగా అబద్ధం కాదు, చిక్కంతా అక్కడే ఉంది. ల్యాబ్‌లో పెంచిన ఎముక క్యాన్సర్ కణాల మీద బ్రోకలీ నుంచి తీసిన సల్ఫోరఫేన్ అనే పదార్థం పోస్తే ఆ కణాలు విభజన ఆపేస్తాయని, చనిపోతాయని పరిశోధన పత్రాలు వచ్చిన మాట నిజమే. ఆ ఒక్క ముక్క పట్టుకుని పిల్లాడికి కీమో మాన్పించి కూరగాయల రసం పట్టిద్దామనే వాళ్లు ఉన్నారు కాబట్టే, ఆకుకూరకీ ఎముక క్యాన్సర్‌కీ నిజంగా ఉన్న చుట్టరికం ఏమిటో మొదటి నుంచి చెప్పాలనిపించింది. పైగా ఆ కథ నడిమధ్యలో మన భీమవరం మనిషి ఉన్నారు.

1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టర్ బొంబాయికి వచ్చి, మిల్లు కార్మిక కుటుంబాల్లోని గర్భిణులకు అంత రక్తహీనత ఎందుకొస్తోందని వెతికారు. ఈస్ట్ సారం పెడితే వాళ్లు కోలుకున్నారు. అందులో ఉన్న పదార్థమేదో అప్పటికి ఎవరికీ తెలియదు. 1941లో అమెరికాలోని టెక్సాస్ యూనివర్సిటీలో నాలుగు టన్నుల పాలకూరను వడగట్టీ వడగట్టీ దాన్ని పట్టుకున్నారు. అదే ఫోలిక్ ఆమ్లం. ఇవాళ కడుపుతో ఉన్న ప్రతి అమ్మాయికీ డాక్టరు రాసే మాత్ర.

దాన్ని ఫ్యాక్టరీలో తయారుచేసే దారి కనిపెట్టింది న్యూయార్క్ దగ్గర లెడర్లీ కంపెనీలో యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం. ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. ఇద్దరు అన్నదమ్ములను స్ప్రూ అనే జబ్బు తీసుకుపోయింది, తిన్నది ఒంటబట్టక మనిషి కరిగిపోయే జబ్బది. తర్వాతి కాలంలో స్ప్రూకి వాడిన మందుల్లో ఈ ఫోలిక్ ఆమ్లమూ ఉంది.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్లం జాతి పదార్థాలు ఇచ్చి చూశారు. మంచి పోషకం కదా, మేలే చేస్తుందనుకున్నారు. క్యాన్సర్ ఇంకా జోరందుకుంది! వేగంగా విభజన చెందే కణానికి కొత్త డీఎన్ఏ కావాలి, దానికి ఫోలేట్ (ఫోలిక్ ఆమ్లం జాతి పదార్థాలకు పేరు) కావాలి, అంటే క్యాన్సర్‌కి ఆ పదార్థం అందరికంటే ఎక్కువ అవసరం. సరే, ఇవ్వడం కాదు, అందకుండా చేద్దామని సుబ్బారావు బృందాన్ని దాని విరోధులను తయారుచేసివ్వమన్నారు. చూడటానికి అచ్చం ఫోలిక్ ఆమ్లంలాగే ఉండే ఆ పదార్థాన్ని కణంలోని ఎంజైమ్ పట్టుకుంటుంది, పట్టుకున్నాక ఇక దాని పని ఆగిపోతుంది. 1948లో ఫార్బర్ అలాంటి విరోధి అయిన అమినాప్టెరిన్ ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గిందని ప్రకటించారు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. అమినాప్టెరిన్‌కి తోబుట్టువు లాంటి మందే మెథోట్రెక్సేట్.

ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ ఎక్కువగా ఎదిగే వయసు పిల్లలకు, మోకాలి చుట్టుపక్కల వస్తుంది. ఆడుతూ తగిలిన దెబ్బేమో అనుకుని నూనె రాసి మర్దన చేయిస్తూ నెలలు పోగొట్టుకునే ఇళ్లు మన దగ్గర ఎన్నో. 1970కి ముందు కాలు తీసేయడమే వైద్యం. తీసేసినా, అప్పటికే కంటికి కనబడని క్యాన్సర్ మచ్చలు ఊపిరితిత్తులకు చేరి ఉండేవి, దాంతో ఐదుగురిలో నలుగురు దక్కేవారు కాదు. 1970ల మొదట్లో బోస్టన్‌లో నార్మన్ జాఫే, ఎమిల్ ఫ్రై సాహసం చేశారు: మనిషి ప్రాణమే తీయగలిగినంత మోతాదులో మెథోట్రెక్సేట్ ఎక్కించి, కొన్ని గంటలు ఆగి, విరుగుడు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ విరుగుడు లూకోవోరిన్, అది ఫోలేట్‌లోనే ఒక రూపం! ముందు ఫోలేట్‌ని అడ్డుకోవడం, తర్వాత దాన్నే ఇచ్చి మంచి కణాలను బతికించుకోవడం.

ఇప్పటికీ ఇదే పద్ధతి. పెద్ద సీసాలో ముదురు పసుపు రంగు మందు నాలుగు గంటల పాటు ఎక్కుతుంది, ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకి 12 గ్రాముల దాకా. దానికి ముందూ తర్వాతా సెలైన్, సోడా బైకార్బ్ ఎక్కిస్తూనే ఉంటారు. మూత్రం పట్టిన ప్రతిసారీ నర్సు కాగితం ముక్క ముంచి చూస్తుంది, మూత్రం ఆమ్లంగా ఉంటే మందు కిడ్నీలో గడ్డకడుతుంది మరి. రక్తంలో మందు దిగిపోయిందని రిపోర్టు వచ్చేదాకా ఇంటికి పంపరు. 1986లో వచ్చిన అమెరికా ట్రయల్‌లో సర్జరీ ఒక్కటే చేసినవాళ్లలో రెండేళ్ల తర్వాత 17 శాతం మందికే జబ్బు తిరగబెట్టలేదు, మెథోట్రెక్సేట్ సహా కీమో కూడా ఇచ్చినవాళ్లలో ఆ లెక్క 66 శాతం. ఆ తేడా పిల్లల ప్రాణాలు. ఎముకకే వచ్చే ఇంకో క్యాన్సర్, ఈవింగ్ సార్కోమాకి వాడే విన్‌క్రిస్టిన్ అయితే మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచే వచ్చింది.

కాబట్టి మొక్కల్లో మందు లేదని నేనెక్కడా అనను. సల్ఫోరఫేన్‌నీ తీసిపారేయను. 1992లో జాన్స్ హాప్కిన్స్‌లో పాల్ తలలే బృందం దాన్ని బ్రోకలీలో పట్టుకుంది. నిజానికి అది బ్రోకలీలో సిద్ధంగా ఉండదు, ముక్క కోసినప్పుడో నమిలినప్పుడో ఒక ఎంజైమ్ కలిసి తయారవుతుంది, బాగా ఉడికిస్తే ఆ ఎంజైమ్ పోతుంది. ఆవాల్లోనూ అదే ఎంజైమ్ ఉంది, ఆవ పెట్టిన కూర ముక్కు అదరగొట్టేది దాని వల్లే. ఇక ల్యాబ్‌లో వాడే కణాల సంగతికొస్తే, యూ2ఓఎస్ అనే కణాలు 1964లో ఒక 15 ఏళ్ల అమ్మాయి కాలి ఎముక గడ్డ నుంచి తీసినవి, ఇన్నేళ్లుగా గాజు పాత్రల్లో పెరుగుతూ వస్తున్నాయి. వాటి మీద నేరుగా పోసే మోతాదు, కూర తిన్నాక మన రక్తంలో కనిపించేదానికంటే చాలా రెట్లు ఎక్కువ. పైగా సల్ఫోరఫేన్ కణాల్లోని ఆత్మరక్షణ వ్యవస్థను లేపుతుంది, ఆ రక్షణ క్యాన్సర్ కణానికి కూడా దొరకవచ్చనే భయం శాస్త్రవేత్తల్లో ఉంది. మనుషుల్లో ఎముక క్యాన్సర్‌ని అది తగ్గించిందని తేల్చిన ట్రయల్ ఒక్కటీ లేదు. క్యారెట్‌లోని బీటా కెరోటిన్‌నీ ఇలాగే నమ్మారు, ఫిన్లాండ్‌లో 29 వేల మంది పొగతాగే మగవాళ్లతో చేసిన ట్రయల్ ఫలితం 1994లో వస్తే, మాత్ర వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది.

కీమోలో ఉన్న పిల్లలకు ఉడికించిన ఆకుకూర, క్యాబేజీ కూర పెట్టుకోవచ్చు, బలం కావాలి కదా. పచ్చి మొలకలు, బయట చేసిన పచ్చి రసాలు వద్దు, తెల్లకణాలు పడిపోయినప్పుడు వాటిలోని బ్యాక్టీరియా ప్రాణం మీదికి తెస్తుంది. మెథోట్రెక్సేట్ ఎక్కించే రోజుల్లో డాక్టరుకి చెప్పకుండా నొప్పి మాత్ర గానీ గ్యాస్ మాత్ర గానీ వేయకండి, మందు ఒంట్లోంచి దిగడం ఆలస్యమవుతుంది. నీరసంగా ఉన్నాడని ఎవరో తెచ్చిచ్చిన బి-కాంప్లెక్స్, ఐరన్ సిరప్‌ల అట్టపెట్టె వెనక చూస్తే చాలావాటిలో ఫోలిక్ ఆమ్లం అని రాసి ఉంటుంది, అది ఎప్పుడు మొదలుపెట్టాలో, అసలు అక్కర్లేదో ఆంకాలజిస్టుకి చూపించి అడగండి.