పాంథియన్‌కి టికెట్: 1734 నాటి బొమ్మలో కనిపించే పాత కథ

2023 జులై 3న రోమ్‌లోని పాంథియన్‌కి, అంటే చర్చిగా మారిన ప్రాచీన రోమన్ దేవాలయానికి, 5 యూరోల టికెట్ పెట్టారు. అంతకు ముందు పర్యాటకులు ఉచితంగానే వెళ్లొచ్చేవారు. ఇటలీ సాంస్కృతిక శాఖకూ చర్చికీ కుదిరిన ఒప్పందం ప్రకారం వసూళ్లలో 70 శాతం ప్రభుత్వానికి, 30 శాతం రోమ్ డయోసీస్‌కి (నగర చర్చిల పాలనా విభాగానికి). ప్రార్థనకు వచ్చేవాళ్లూ రోమ్ వాసులూ కట్టక్కర్లేదు. అసలిది ప్రార్థనా స్థలమా, చూసిపోయే కట్టడమా అన్న ప్రశ్న మళ్లీ లేచింది.

ఆ రెండూ ఒకే కప్పు కింద ఎలా నడిచాయో చిత్రకారుడు జొవాన్ని పావొలో పానిని బొమ్మలో చూడొచ్చు. సుమారు 1734లో వేసిన ఈ తైలవర్ణ చిత్రం ఇప్పుడు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. పానిని 1691లో పియాచెంజాలో పుట్టి, 1711లో రోమ్ చేరాడు. నాటకాలకు రంగాలంకరణ నేర్చినవాడు, ఆ విద్యంతా ఇక్కడ చూపించాడు. లోపలి నుంచి గుమ్మం వైపు చూస్తున్నట్టు వేశాడు. తెరిచిన తలుపుల్లోంచి వసారాలోని పెద్ద స్తంభాలు, ఆవల చౌకులోని ఏకశిలా స్తంభం కనిపిస్తాయి. తలెత్తితే గోపురం నడినెత్తిన గుండ్రటి ఖాళీ, అందులో మబ్బులు తేలే నీలాకాశం. నిజానికి ఒక్కచోట నిలబడి ఇదంతా చూడలేం. 43 మీటర్ల పైచిలుకు ఎత్తున్న గోపురాన్ని, కింది నేలను ఒక్క చూపులో ఇమడ్చడానికి దృక్కోణాన్ని కావాలనే సాగదీశాడు. నాకు అంతకన్నా నచ్చేది కింద ఉన్న జనం. ప్రార్థించేవాళ్లు, కబుర్లాడేవాళ్లు, కప్పుకేసి చూస్తూ ఉండిపోయిన విదేశీ యాత్రికులు. ఎవరూ ఎవరికీ అడ్డు కారు.

ఆ యాత్రికులే పానినికి గిరాకీ. ఫొటోలు లేని కాలంలో రోమ్ చూడవచ్చిన ఐరోపా ధనికులు ఇలాంటి బొమ్మలు కొని ఇంటికి పట్టుకెళ్లేవారు. అందుకే ఆయన ఇదే దృశ్యాన్ని మళ్లీ మళ్లీ వేశాడు. 1747లో వేసిన అలాంటి బొమ్మ ఒకటి క్లీవ్‌లాండ్ మ్యూజియంలో ఉంది.

హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, సుమారు క్రీ.శ. 126 నాటికి పూర్తయిన ఈ రోమన్ దేవాలయం 609లో చర్చి అయింది. ఇన్ని శతాబ్దాలు నిలబడిందంటే ప్రధానంగా ఆ మార్పు వల్లే. అలాగని కాపాడాల్సినవాళ్లు చెయ్యి వెయ్యకుండా ఊరుకోలేదు. 17వ శతాబ్దంలో ఎనిమిదో అర్బన్ పోపు వసారా కప్పులోని కంచు ఊడదీయించాడు, అందులో చాలావరకు ఫిరంగులకు పోయింది. 1747లో మరమ్మతుల పేరిట, కింది స్తంభాల వరుసకూ గోపురానికీ మధ్య గోడకున్న పాత రంగురాళ్ల పనిని తీసేసి కొత్త అలంకరణ పెట్టారు. 1734 బొమ్మలో ఆ పాత పని అలాగే ఉంది. అమ్మకానికి వేసిన బొమ్మే ఇవాళ మనకు సాక్ష్యం. 1930ల్లో ఆ గోడలో కొద్ది భాగాన్ని మళ్లీ పాత తీరుకు తెచ్చారు. లోపలికి వెళ్తే కొత్తదీ పాతదీ పక్కపక్కనే చూడొచ్చు.

1870లో రోమ్ ఇటలీ రాజ్యంలో కలిశాక ఇందులో రాజుల సమాధులూ చేరాయి. ఇప్పుడు కట్టడం ప్రభుత్వానిది, లోపల పూజ చర్చిది. టికెట్‌ని నేను తప్పుపట్టను, అంత పాత కప్పుకు మరమ్మతు ఊరికే జరగదు. కానీ ప్రార్థనకు వచ్చినవాళ్ల కోసం తలుపు పానిని వేసినట్టు తెరిచే ఉండాలి, వసూలైన డబ్బు ఏ గోడకు, ఏ రాతికి ఖర్చయిందో ఏటా లెక్క బయట పెట్టాలి.