తాటిచెట్లు నరికిన పాట

వనస్థలిపురం నుంచి ఒక పాఠకుడు ఫోన్ చేశారు. రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన. "మా ఇంట్లో ఘంటసాల పాటల సంకలనాలు మూడున్నాయండీ. మూడింట్లోనూ ఒక పాట కామన్‌గా ఉంది. వింటే మాత్రం మూడుసార్లు వేరువేరుగా పాడినట్టుంది. మూడో సీడీ బ్రహ్మాండంగా ఉందని నేనంటాను. మా ఆవిడ ససేమిరా ఒప్పుకోదు, అందులో ఆయన ఊపిరి తీసుకోవడం లేదంటుంది. సైన్సు ఏమంటుందో చెప్పండి" అన్నారు.

ఇంత చక్కటి ప్రశ్న నాకు ఈమధ్య ఎవరూ వేయలేదు. ఆ ఆదివారమే వెళ్లి మూడు సీడీలూ తెచ్చుకున్నాను.

ముందు ఒక్క మాట. సీడీ బజారుకొచ్చింది 1982లో. ఘంటసాల 1974 ఫిబ్రవరిలోనే వెళ్లిపోయారు. అంటే సీడీలో ఉన్న ఆయన పాట ప్రతిదీ ఎవరో ఒకరు వేరే రూపం నుంచి ఎక్కించినదే. సినిమా ఫిల్ము అంచున ఉండే సౌండ్ ట్రాక్ నుంచి కావచ్చు, నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డు నుంచి కావచ్చు, ఆ తర్వాత వచ్చిన ప్లాస్టిక్ రికార్డు, అంటే ఎల్పీ నుంచి, టేపు నుంచి కావచ్చు. ఫిల్ము మీది ట్రాక్‌లో పైస్థాయి ధ్వనులు బాగా తగ్గిపోయి ఉంటాయి. లక్క రికార్డులో ఆ ధ్వనులు కొంత నయం, కానీ గరగర తప్పదు. ఎందుకంటే అందులో ఉండేది లక్క ఒక్కటే కాదు, గట్టిదనం కోసం కలిపిన రాతిపొడి కూడా. పైగా ఆ రికార్డు గాడి వెడల్పు. ఎల్పీకి వాడే సన్నటి ముల్లు దాని మీద పెడితే అది గాడి అడుగుకు దిగి అక్కడి మట్టినంతా వినిపిస్తుంది. ఎల్పీ ముల్లు కొస వ్యాసార్ధం సుమారు 0.025 మిల్లీమీటర్లయితే, 78కి దానికి మూడింతలు కావాలి.

రెండో సీడీ సంగతి త్వరగానే తేలింది. మొదటి, మూడో సీడీల్లో పాట 3 నిమిషాల 12 సెకన్లు. రెండోదాంట్లో 3 నిమిషాల 7 సెకన్లు. చరణాలేవీ పోలేదు, పాట మొత్తం ఉంది. 192ను 187తో భాగిస్తే 1.027 వచ్చింది. దాదాపు 2.7 శాతం వేగం ఎక్కువ. అర శ్రుతి పెరగాలంటే వేగం సుమారు 6 శాతం పెరగాలి, కాబట్టి ఇది అర శ్రుతిలో సగం కంటే కాస్త తక్కువ. గొంతు పల్చబడి, కుర్రాడు పాడినట్టు అనిపించడానికి అది చాలు.

మరి మొదటిది నెమ్మదిగా తిరిగిందా, రెండోది వేగంగా తిరిగిందా? ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన సాక్షి ఒకటుంది. కరెంటు. అప్పటి మన పాటలు ఎక్కువగా మద్రాసులో రికార్డయ్యేవి. స్టూడియో పరికరాల్లోంచి కరెంటు గుంయ్‌మనే శబ్దం సన్నగా పాటలో కలిసిపోయేది. మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. పాటకు ముందున్న నిశ్శబ్దాన్ని కంప్యూటర్లో విడదీసి చూస్తే మొదటి సీడీలో ఆ గుంయ్ శబ్దం 50 దగ్గర, రెండోదాంట్లో 51 దాటి కనిపించింది. కరెంటు కూడా కాస్త అటూ ఇటూ ఊగేదే కాబట్టి ఆ ఒక్క ముక్క మీద తీర్పు చెప్పను. కానీ పాట నిడివి కూడా అదే లెక్క చెబుతోంది.

ఇక అసలు గొడవ, మూడో సీడీ.

పాటను తెరమీద గీతగా చూస్తే మొదటి సీడీది మన తెలంగాణ పొలంలా ఉంది. కింద జొన్నచేను, అక్కడక్కడా పైకి పొడుచుకొచ్చిన తాటిచెట్లు. జొన్నచేను గాత్రం, వయొలిన్లు, తంబురా. తాటిచెట్లు తబలా దెబ్బలు. మూడో సీడీది ఇటుకలా ఉంది.

సీడీలో ధ్వనిని అంకెలుగా రాస్తారు. ఒక్కో అంకెకు 16 బిట్లు. పైవైపు ఎంత లాగినా 32,767 దాటదు. అదే పైకప్పు. పొలం మొత్తానికి రేకుల షెడ్డు వేశారనుకోండి. తాటిచెట్ల కొసలు రేకుకు తగులుతున్నాయి. యజమాని వచ్చి "పక్క కంపెనీ సీడీ కన్నా మనది గట్టిగా వినిపించాలి, చేను ఎత్తు పెంచండి" అన్నాడు. పైకప్పు కదలదు. చేనును పెంచితే చెట్లు కూడా పెరిగి రేకును పొడుస్తాయి. కాబట్టి చెట్ల తలలు నరకాలి. ఆ పని చేసే సాధనం పేరు లిమిటర్. ఇది మొరటుగా నరకదు. పాటను కొన్ని మిల్లీసెకన్లు ముందుగానే చూసుకుని, తాటిచెట్టు వస్తోందని తెలిసిన వెంటనే అక్కడి ధ్వనిని మొత్తంగా కిందికి నొక్కి, చెట్టు దాటాక మెల్లగా వదులుతుంది. చెట్టుతోపాటు దాని చుట్టూ ఉన్న చేను కూడా వంగుతుందన్నమాట. తబలా దెబ్బ పడినప్పుడల్లా గాత్రం ఒక్క క్షణం కుంగి లేస్తుంది. దగ్గరగా వింటే పాట ఆయాసపడుతున్నట్టుంటుంది.

కొలిచి చూశాను. శబ్దం బలాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. మొదటి సీడీలో శిఖరానికీ సగటుకూ తేడా 17 డెసిబెల్స్. అంటే తాటిచెట్టు చేనుకు ఏడు రెట్ల ఎత్తు. మూడో సీడీలో 8 డెసిబెల్స్. రెండున్నర రెట్లు. తాటిచెట్లను మొక్కజొన్న కంకులు చేసేశారు!

అంత నరికినా పెద్దాయనకు ఎందుకు తెలియలేదు? గోల్కొండకు వెళ్లినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కింద ద్వారం దగ్గర గుమ్మటం కింద గైడు చప్పట్లు కొడితే, దాదాపు కిలోమీటరు దూరంలో పైనున్న బాలా హిసార్ దాకా వినిపిస్తుంది. చప్పట్లే ఎందుకు కొడతారు, ఓ అని ఎందుకు అరవరు? చప్పట్ల శబ్దం కొన్ని మిల్లీసెకన్లలో లేచి పడిపోతుంది, అందుకే మిగతా శబ్దాల్లోంచి విడిగా, పదునుగా తెలుస్తుంది. అయితే మన చెవి ఒక శబ్దం ఎంత గట్టిగా ఉందో లెక్కగట్టడానికి సుమారు 200 మిల్లీసెకన్ల పాటు శక్తిని కూడబెట్టుకుంటుంది. చప్పట్లు అంతలోపే అయిపోతాయి. శిఖరం ఎంత ఎత్తున్నా కూడిక తక్కువే. కాబట్టి దాని తల తీసేస్తే గట్టిదనంలో తేడా రాదు. పదును, దూరం, వాయించే చెయ్యి ఎక్కడుందన్న ఆనవాలు మాత్రం పోతాయి. మాస్టరింగ్, అంటే సీడీకి ఎక్కించే ముందు పాటకు చివరి మెరుగులు దిద్దే పని చేసేవాళ్లకు దొరికిన వెసులుబాటు ఇదే. చెవి లెక్కలో రాని చోట కోసి, లెక్కలో వచ్చే చోట పోశారు.

గట్టిగా ఉన్నదే బాగుందనిపించడానికి మరో కారణం 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు అమెరికన్లు గీసిన వక్రరేఖల్లో ఉంది. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి కింది స్థాయి ధ్వనులు సరిగా ఆనవు. వాల్యూం పెంచేకొద్దీ అవి బయటికొస్తాయి. అందుకే ఒకే పాటను కాస్త పెంచి వినిపిస్తే "గట్టిగా ఉంది" అనం, "నిండుగా ఉంది, క్లియర్‌గా ఉంది" అంటాం. తేడా ఒక డెసిబెల్ కన్నా తక్కువున్నా ఇలాగే మోసపోతాం. బళ్లో డెసిబెల్‌ను లాగరిథమ్ సూత్రంగా బట్టీ పట్టించి వదిలేస్తారు. ఒక్కరోజు క్లాసులో ఒకే శబ్దాన్ని పది డెసిబెల్స్ తగ్గించీ పెంచీ వినిపిస్తే పిల్లలు జీవితాంతం మరిచిపోరు. పది పెరిగితే చెవికి రెట్టింపు అయినట్టు ఉంటుందని వాళ్లకు ఒళ్లంతా తెలుస్తుంది.

వాల్యూం సరిసమానం చేయకుండా పోల్చడం వల్లే ఈ రంగంలో ఇన్ని మూఢనమ్మకాలు పెరిగాయి. సీడీ అంచుకు ఆకుపచ్చ మార్కర్ పూస్తే శబ్దం బాగుపడుతుందని ఒకప్పుడు చాలామంది నమ్మారు. కోఠి గుజరాతీ గల్లీలో చవగ్గా దొరికే వైరుకు బదులు వేలు పోసి స్పీకర్ వైరు కొన్నవాళ్లు నాకు తెలుసు. ఆ డబ్బుకు మంచి స్పీకర్లే వచ్చేవి. నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక ఆ ఇల్లాలు చెప్పిన ఊపిరి మాట. మూడో సీడీలో గరగర అసలు లేదు. సాఫ్ట్‌వేర్ గరగర నమూనా ఒకటి తీసుకుని, పాటను వేల సన్నని ఫ్రీక్వెన్సీ పట్టీలుగా చీల్చి, ఏ పట్టీలో బలం ఆ నమూనాను మించదో దాన్ని అణచేస్తుంది. గాయకుడు పల్లవికి ముందు తీసుకునే ఊపిరికి స్థిరమైన శ్రుతి లేదు, అది అన్ని పట్టీల్లోనూ పల్చగా పరుచుకుని ఉంటుంది. యంత్రం దృష్టిలో అదీ గరగరే. తంబురాకు జీవం పోసే పైస్థాయి జీర కూడా అంత సన్ననిదే, అదీ పోయింది. ఆవిడ చెవి నా కంప్యూటర్ కన్నా ముందే పట్టేసింది.

మూడింటినీ ఒకే గట్టిదనానికి తెచ్చాను. దీనికి 2006లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఇచ్చిన కొలత పద్ధతి ఉంది, ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎవరైనా చేసుకోవచ్చు. శిఖరాలు సమానం చేస్తే కుదరదు, సగటు గట్టిదనమే సమానం కావాలి. అంటే మూడో సీడీని 9 డెసిబెల్స్ కిందికి దించాలి. దించినా నరికిన చెట్లు మొలవవు. చేను మామూలు ఎత్తుకొచ్చింది, మధ్యలో మోడులు మిగిలాయి. రెండోదాని వేగం సరిచేశాను. పేర్లు తీసేసి, వరస కలిపేసి ఒక పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మళ్లీ వనస్థలిపురం వెళ్లాను.

పెద్దాయన కళ్లు మూసుకుని విన్నారు. వరస మార్చి ఎనిమిదిసార్లు వినిపించాను. ఏడుసార్లు మొదటి సీడీనే ఎంచుకున్నారు, ఒకసారి రెండోది. మూడోదాన్ని ఒక్కసారీ ఎంచుకోలేదు. నేను కాగితం చూపిస్తే నమ్మలేక, మూడో సీడీని ప్లేయర్లో పెట్టి మళ్లీ విన్నారు. పల్లవి సగంలో ఉండగా వంటింట్లోంచి ఆవిడ అడిగింది:

"ఏమండీ, తబలాయన కూడా ఇంటికెళ్లిపోయాడా?"