డబ్బాల పిచ్చి పట్టిన అమ్మమ్మ ఉత్తరం

చిన్నోడికీ, బుజ్జికీ,

మొన్న వీడియో కాల్‌లో మీ అమ్మ పగలబడి నవ్వింది కదా, అరవై ఏడేళ్ల మనిషి ఎండలో ఫోన్ పట్టుకుని తుప్పల్లో ఏం వెతుకుతోందే అని, నవ్వితే నవ్వనీండి గానీ అసలు సంగతేంటో మీకైనా సరిగ్గా చెప్దామని కూర్చున్నా.

ఇది మీ మావయ్య అంటించి పోయిన జబ్బు. జియోకాషింగ్ అంటారు. ఎవరో ఒక డబ్బా దాచి దాని అక్షాంశం, రేఖాంశం చెప్తారు, మనం ఫోన్ చూసుకుంటూ వెళ్లి వెతకాలి, దొరికితే లోపలున్న నోట్‌బుక్‌లో పేరూ తేదీ రాసి మళ్లీ అక్కడే పెట్టేయాలి. దాగుడుమూతలే అనుకోండి, కాకపోతే దాక్కునేది డబ్బా.

ఇది పుట్టింది అమెరికాలో. మనం ఎక్కడున్నామో ఫోన్‌కి చెప్పే జీపీఎస్ సిగ్నల్‌ని మామూలు జనానికి అమెరికా ప్రభుత్వం వాళ్లు కావాలనే కాస్త తప్పుగా ఇచ్చేవారట, వంద మీటర్ల దాకా తేడా వచ్చేది, 2000 మే 2న ఆ అడ్డు తీసేశారు. మర్నాడే ఆరెగాన్‌లో డేవ్ ఉల్మర్ అనే ఆయన, ఇప్పుడు నిజంగా అంత బాగా చూపిస్తుందా చూద్దాం అని ఒక బకెట్‌లో పుస్తకాలు, ఉండేలు, బీన్స్ డబ్బా వేసి చెట్ల మధ్య పెట్టి నంబర్లు ఇంటర్నెట్‌లో రాశాడు. మూడ్రోజుల్లో ఒకాయన పట్టేశాడు! బీన్స్ మాత్రం తప్పే, తిండి పెడితే చీమలూ ఎలకలూ ఊరుకుంటాయా, ఇప్పుడు తిండి పెట్టకూడదని రూలే ఉంది.

ఇక మా ఆట. పర్లాకిమిడిలో రిటైరైన వాళ్లం నలుగురం, కాలేజీ పిల్లలు ఆరుగురు కలిసి పాత చిన్న రైలు దారి పొడవునా పదకొండు డబ్బాలు పెట్టుకున్నాం, నౌపడ నుంచి గుణుపురం దాకా. మీరు ఆ రైలు చూళ్లేదు. 1900లో పర్లాకిమిడి రాజుగారు మొదలుపెట్టిన లైను, పట్టాల మధ్య రెండున్నర అడుగులే, 2004లో ఆపేసి పెద్ద లైను వేశారు. 1936లో మన ఊరు ఒడిశాలోకి వచ్చింది, మహేంద్రతనయ దాటితే పాతపట్నం అవతలి రాష్ట్రంలో ఉండిపోయింది, ఆ రైలుకి మాత్రం అదేం పట్టలేదు, అటూ ఇటూ తిరుగుతూనే ఉండేది.

మొదట్లో నాకు డబ్బా దొరకడమే గొప్ప. తర్వాత నోట్‌బుక్కుల పిచ్చి పట్టింది. రెండో డబ్బాలో ఎవరో తెలుగులో రాశారు, ఇక్కడ ఇంజిన్‌కి ఆయాసం వచ్చి ఆగితే మేం దిగి జీడిమామిడి పళ్లు కోసుకుని మళ్లీ ఎక్కేవాళ్లం అని. దాని కింద ఒడియాలో ఇంకొకరు, ఆగక్కర్లేదు, నడుస్తుండగానే దిగి ఎక్కొచ్చు అని. దాని కింద ఒకావిడ, నేను ట్రంకు పెట్టెతో కాపురానికి వచ్చింది ఈ రైల్లోనే, దారంతా ఏడుస్తూ వస్తుంటే గార్డు బుడ్డి సోడా కొనిచ్చాడు అని. నేను ఒట్టి తేదీ రాసి వచ్చేశానే! రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఆటో కట్టించుకుని మళ్లీ వెళ్లి రాశా, మీ తాతయ్య నన్ను చూడ్డానికి టెక్కలి నుంచి వచ్చిన రోజు రైలు మూడు గంటలు లేటు, మా అమ్మ ఉప్మా రెండుసార్లు చేసింది అని. పోయినవారం చూస్తే కింద ఎవరో రాశారు, మరి ఉప్మా నచ్చిందా, మీరు నచ్చారా అని. జవాబు రాయడానికి ఇంకోసారి వెళ్లాలిగా.

మీరొచ్చి ఆడతారు కాబట్టి ఒకటి. ఫోన్ ఆరుబయట అయిదు మీటర్ల దాకా బాగానే తీసుకెళ్తుంది, చింతచెట్ల కింద సిగ్నల్ తడబడుతుంది, బాణం అటోసారి ఇటోసారి తిరుగుతుంటే ఫోన్ జేబులో పడేసి, నేనైతే ఎక్కడ దాస్తాను అనుకుంటూ చూడాలి. గొయ్యి తవ్వి పాతకూడదు, ఇప్పుడు రైలు తిరిగే పట్టాల దగ్గర పెట్టకూడదు, డబ్బా లోపలిది కనపడేలా ఉండాలి, పైన ఇది ఆట డబ్బా అని తెలుగులోనూ ఒడియాలోనూ రాస్తాం, లేకపోతే చూసినోళ్లు బాంబనుకుంటారు. అయినా అయిదో డబ్బా మేకలు కాసుకునే వాళ్లెవరో పట్టుకెళ్లిపోయారు, మంచి మూత ఉన్న డబ్బా మరి, ఏంచేస్తాం. నోట్‌బుక్ మాత్రం పాలిథిన్ కవర్లో చుట్టి రాయి కింద పెట్టి వెళ్లారు.

ఏడోది నాకింకా దొరకలేదు. మూడుసార్లు వెళ్లా. కాలేజీ పిల్లల్ని అడిగితే కిసుక్కుమంటున్నారు గానీ చెప్పట్లేదు, నేను కూర్చుని సేదతీరిన రాయి దగ్గరేనేమో అని నా అనుమానం. దసరాకి మీరొస్తే కిందకి వంగి చూసేపని మీది, నా మోకాళ్లు వంగవు. టోపీలు తెచ్చుకోండి. పెన్సిళ్లు నేను కొని ఉంచుతా, పెన్నుతో రాస్తే వానకి చెదిరిపోతోంది.

మీ అమ్మమ్మ,
పర్లాకిమిడి