పాచికలతో ఎలక్ట్రాన్ దారి

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. సిలికాన్ బిళ్ల మీద బంగారం పూత ఎంత మందంగా ఉందో, కోయకుండా ఎలా తెలుస్తుందని అడిగారు. ఎలక్ట్రాన్లను పంపి, ఎన్ని వెనక్కి వచ్చాయో లెక్కపెట్టడం ఒక పద్ధతి. 20 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో వంద ఎలక్ట్రాన్లు నిటారుగా తగిలాయనుకోండి. మందపాటి బంగారమైతే సుమారు యాభై తిరిగొస్తాయి, ఒట్టి సిలికాన్ అయితే ఇరవై లోపే. పల్చటి పూత ఉంటే లెక్క ఈ రెంటికీ మధ్యలో పడుతుంది. ఏ మందానికి ఎన్ని తిరిగొస్తాయో ముందే తెలియాలి కదా, ఆ పట్టిక తయారుచేసేది సిమ్యులేషన్, అంటే ఎలక్ట్రాన్ ప్రయాణాన్ని కంప్యూటర్‌లో అనుకరించి చూడడం.

లోపలికి దూరిన ఎలక్ట్రాన్ తిన్నగా పోదు. పరమాణు కేంద్రకం పక్కగా వెళ్తే దారి మళ్లుతుంది. అక్కడున్న ఎలక్ట్రాన్లతో తగువు పడి శక్తి పోగొట్టుకుంటుంది (ఆ నష్టానికి భౌతిక శాస్త్రవేత్త హాన్స్ బేథ 1930లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ నడుస్తోంది). బంగారం పరమాణు సంఖ్య 79, సిలికాన్‌ది 14. పెద్ద మలుపు తిరిగే అవకాశం దాదాపు ఈ సంఖ్య వర్గాన్ని బట్టి పెరుగుతుంది.

కానీ ఫలానా ఎలక్ట్రాన్ ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. అవకాశాలు మాత్రమే తెలుసు. అందుకే పాచికలు వేస్తారు. 1946లో స్టానిస్లా ఉలమ్ అనే గణిత శాస్త్రవేత్త జబ్బు నుంచి కోలుకుంటూ ఒంటరిగా పేకాట ఆడుకునేవాడు. ఆట గెలిచే అవకాశాన్ని గణితంతో తేల్చే బదులు చాలాసార్లు ఆడి లెక్కపెడితే పోలేదా అనుకున్నాడు. మరో గణిత శాస్త్రవేత్త జాన్ వాన్ న్యూమన్‌తో కలిసి, అమెరికాలోని లాస్ అలమోస్ అణు ప్రయోగశాలలో ఆ ఆలోచనను న్యూట్రాన్ల దారి లెక్కకు వాడారు. దానికి మాంటె కార్లో అని జూదశాలల ఊరి పేరే పెట్టారు!

మన కంప్యూటర్ కూడా ఒక ర్యాండమ్ నంబర్ (పాచికలా ఏది పడుతుందో ముందే తెలియని అంకె) తీసి, తర్వాతి మలుపు ఎంత దూరంలో వస్తుందో తేలుస్తుంది. ఇంకోటి తీసి ఎటు తిప్పాలో చూస్తుంది. శక్తి అడుగంటేదాకా, లేదా ఎలక్ట్రాన్ బయటపడేదాకా ఇదే పని.

పొరలున్నప్పుడు చిక్కు సరిహద్దు దగ్గర. బంగారంలో వేసిన పాచిక "30 నానోమీటర్లు పో" అంది (నానోమీటరంటే మీటరులో వంద కోట్లో వంతు), పూత ఇంకా 12 మాత్రమే మిగిలింది. మిగతా 18 సిలికాన్‌లో నడిపిస్తే తప్పు, అక్కడ మలుపుల మధ్య దూరం వేరు. ఎలక్ట్రాన్‌ను సరిహద్దులో ఆపి, సిలికాన్ లెక్కతో కొత్త పాచిక వేస్తారు. ఇది మోసం కాదా? కాదు. వైకుంఠపాళిలో పదిసార్లు ఆరు పడకపోయినా పదకొండోసారి దాని అవకాశం పెరగదు. ఎలక్ట్రాన్ కూడా ఎంత దూరం మలుపు లేకుండా వచ్చిందో గుర్తుంచుకోదు. నన్నడిగితే ఈ విద్యలో అన్నిటికంటే అందమైన సంగతి ఇదే.

వంద ఎలక్ట్రాన్లతో సరిపెడితే జవాబు యాభైకి అటూ ఇటూ అయిదు శాతం ఊగుతుంది. పదివేలు పంపితే ఊగేది అర శాతమే. కచ్చితత్వం పదింతలు కావాలంటే పని వందింతలు చెయ్యాలి.

ఎలక్ట్రాన్ మరీ నెమ్మదైతే ఈ లెక్క చెల్లదు. 1927లో డేవిసన్, జెర్మర్ అనే భౌతిక శాస్త్రవేత్తలు 54 ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్లను నికెల్ స్ఫటికం మీదకు పంపితే అవి అలల్లా ప్రవర్తించాయి. అక్కడ అలల గణితమే శరణ్యం.

కెనడాలోని షెర్‌బ్రూక్ విశ్వవిద్యాలయం వాళ్ల కాసినో అనే, ఈ సిమ్యులేషన్ చేసే ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది. అందులో బంగారం పూతను 50, 100, 400 నానోమీటర్లు పెట్టి చూడండి. ఏ మందం దాటాక తిరిగొచ్చే సంఖ్య ఇక పెరగడం లేదో నాకు రాయండి.

మీ తాతయ్య