ఆర్కే బీచ్ కోత: 1976 దగ్గర మొదలుపెట్టాల్సిన లెక్క

విశాఖ తీరం కోత మీద మళ్లీ తగువు రేగింది. రెండు ఫొటోలు ఫోన్లలో తిరుగుతున్నాయి. ఒకదాంట్లో వెడల్పాటి ఇసుక, ఇంకోదాంట్లో బీచ్ రోడ్డు గోడను కొడుతున్న కెరటాలు. ఏటా ఉండేదే, పోయిన ఇసుక మళ్లీ చేరుతుందన్నది అధికారుల మాట. తెప్ప నిలపడానికి, వల ఆరేయడానికి ఉన్న జాగా ఏడాదికేడాది తరిగిపోతోందన్నది జాలర్ల మాట.

1933లో రేవు తెరిచిన కథ అందరూ ఎరిగినదే. నేటి తగువు మూలం 1976లో ఉంది. ఆ ఏడాది రేవుకు సముద్రం వైపు కట్టిన ఔటర్ హార్బర్ పనిలోకి వచ్చింది. దాని కోసం సముద్రంలోకి కెరటాలను ఆపే పెద్ద బ్రేక్‌వాటర్ గోడలు కట్టారు. మన తీరంలో ఇసుక ఒకచోట నిలవదు. నైరుతి కాలంలో కెరటాలు ఏటవాలుగా ఒడ్డును కొట్టి ఇసుకను ఉత్తరానికి నెడతాయి. ఈశాన్య కాలంలో కొంత వెనక్కి వస్తుంది. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. గోడలు ఆ దారికి అడ్డుపడ్డాయి. దక్షిణాన ఇసుక ఆగిపోతోంది, ఉత్తరాన ఆర్కే బీచ్‌కు రావాల్సింది రావడం లేదు, అక్కడున్నదాన్ని మాత్రం కెరటాలు ఎప్పటిలాగే మోసుకుపోతున్నాయి.

ఇది కట్టినవాళ్లకు తెలియని సంగతి కాదు. దక్షిణం వైపు ఆగిన ఇసుకను డ్రెడ్జర్‌తో, అంటే ఇసుక తోడే ఓడతో, తోడి ఉత్తరపు ఒడ్డుకు చేర్చే ఏర్పాటు అందుకే పెట్టుకున్నారు. అంటే అప్పటి నుంచి ఈ బీచ్ వెడల్పు సముద్రం ఒక్కదాని చేతిలో లేదు. డ్రెడ్జర్ ఎప్పుడు వచ్చింది, ఎంత తోడింది, ఎక్కడ పోసింది అన్నవి కూడా దాన్ని నిర్ణయిస్తాయి. కోత సహజం అనేవాళ్లు ముందు ఈ సంగతికి జవాబు చెప్పాలి.

వాళ్లకు ఆధారం లేకపోలేదు. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్, ఇక్కడి పరిశోధకులతో కలిసి వాల్తేరు ఒడ్డును కొలిచారు. కోత, మేట ఋతువులతో పాటు తిరుగుతాయని చూపారు. విలువైన పని. కానీ అది ఔటర్ హార్బర్ గోడలు లేని రోజుల కొలత. దాన్ని తెచ్చి నేటి ఒడ్డుకు హామీగా చూపడం సరికాదు.

ఉపగ్రహ చిత్రాలతోనూ చిక్కే. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 దాకా చిత్రాలు పోల్చి, దేశ తీరంలో సుమారు మూడో వంతు కోతకు గురవుతోందని తేల్చింది. విశాఖ విషయంలో ఆ లెక్క మొదలయ్యేసరికే గోడలు కట్టి పద్నాలుగేళ్లు. పైగా పాత లాండ్‌శాట్ చిత్రంలో ఒక్కో చుక్క 30 మీటర్ల నేల. పోటుకూ పాటుకూ నీటిమట్టం దాదాపు 1.5 మీటర్లు మారే రోజున, పదికి ఒకటి వాలున్న ఇసుక మీద నీటి అంచు 15 మీటర్లు జరుగుతుంది. నెల, వేళ చెప్పని ఫొటోలతో ఏ పక్షమూ ఏమీ రుజువు చేయలేదు.

సముద్రమే పెరుగుతోంది కదా అంటారు. పెరుగుతోంది, ఇకముందు ఇంకా వేగంగా పెరుగుతుంది. అయితే విశాఖ రేవులో 1937 నుంచి ఉన్న నీటిమట్టం రికార్డు, గత శతాబ్దం చివరి దాకా చూస్తే ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరే చూపుతుంది. అరవై ఏళ్లకు ఆరు సెంటీమీటర్లు. ఒక్క సీజనులో మీటర్ల కొద్దీ ఇసుక పోవడానికి అది చాలదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టింది. 2021లో జవాద్ తుఫాను రోజుల్లో బీచ్ రోడ్డు పక్కన పిల్లల పార్కు నేల కుంగింది. రెండుసార్లూ నింద తుఫాను మీదే పడింది. ఇసుక నిండుగా ఉన్న ఒడ్డు తుఫానును తట్టుకుని కోలుకుంటుంది. అప్పటికే బక్కచిక్కిన ఒడ్డుకు ఆ అవకాశం లేదు.

తేల్చడం కష్టమేమీ కాదు. ఒకే గుర్తురాయి నుంచి, ప్రతి నెలా పాటు వేళ, నీటి అంచు దాకా ఒడ్డు వాలు కొలవాలి. 1976 నుంచి ఏ ఏడాది ఎంత ఇసుక తోడి ఎక్కడ పోశారో ఆ కొలతల పక్కనే పెట్టాలి. జాలరిపేట పెద్దల్ని కూర్చోబెట్టి, గోడలకు ముందు తెప్పలు ఎక్కడ నిలిచేవో ఆ మ్యాపు మీదే గుర్తు పెట్టించాలి.