పదోసారి ఇచ్చిన ఫోన్

మా అక్క కొడుక్కి మూడేళ్లు. అన్నం పళ్లెం ముందు పెట్టగానే వాడు అడిగేది ఫోన్. అక్క వద్దంటుంది. మళ్లీ అడుగుతాడు. నాలుగోసారికి గొంతు పెరుగుతుంది, ఏడోసారికి పళ్లెం పక్కకు తోసేస్తాడు. పదోసారికి అక్క విసిగిపోయి, "సరే, ఈ ఒక్కసారికే" అంటూ ఫోన్‌ను నీళ్ల చెంబుకు ఆనించి పెడుతుంది. ఏడుపు టక్కున ఆగిపోతుంది. ముద్ద నోట్లోకి వెళుతుంది.

మొన్న సెలవులకు వెళ్లినప్పుడు వరసగా నాలుగు రోజులు ఇదే చూశాను. వీడికి మొండితనం ఎక్కువని ఇంట్లో అందరూ అంటారు. నాకైతే శ్రద్ధగా పాఠం నేర్చుకుంటున్న పిల్లాడు కనిపించాడు. తొమ్మిదిసార్లు కాదన్నా పదోసారి దొరుకుతుందని వాడికి ఎవరూ నోటితో చెప్పలేదు. చేతలతో మాత్రం రోజూ నేర్పుతున్నాం.

డీఎస్సీకి చదివినవాళ్లకు అమెరికన్ మనస్తత్వవేత్త స్కిన్నర్ పేరు, పునర్బలనం అనే మాట బాగా తెలుసు. ఒక పని చేశాక వచ్చిన ఫలితం వల్ల ఆ పని మళ్లీ చేయడం పెరిగితే, ఆ ఫలితమే పునర్బలనం. స్కిన్నర్ కంటే ముందే, 1898లో, థార్న్‌డైక్ అనే మరో మనస్తత్వవేత్త పిల్లులను పెట్టెల్లో ఉంచి, అవి తలుపు తీసుకుని బయటపడడం ఎలా నేర్చుకుంటాయో గమనించి దీనికి పునాది వేశాడు. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటి ఉంది. ఇచ్చేవాళ్లు ఏమనుకుని ఇచ్చారన్నది లెక్కలోకి రాదు. క్లాసులో అల్లరి చేసే పిల్లాడిని టీచర్ రోజూ లేపి తిడుతున్నా అల్లరి పెరుగుతూనే ఉందనుకోండి. ఆ కాసేపు అందరూ తనవైపు చూడడమే వాడికి దొరుకుతున్న తాయిలం కావచ్చు.

అయితే అప్పుడప్పుడూ మాత్రమే దొరికేదానికి అంత బలం ఎందుకు? ఈ ప్రశ్న వైపు స్కిన్నర్‌ను తిప్పింది ఒక కొరత. 1930ల్లో హార్వర్డ్‌లో ఆయన ఎలుకలతో ప్రయోగాలు చేస్తున్నాడు. మీట నొక్కితే ఒక మేత గుళిక పడుతుంది. ఆ గుళికలను ఆయనే మందుల షాపువాళ్లు వాడేలాంటి యంత్రంతో తయారుచేసుకునేవాడు. ఎనిమిది ఎలుకలు, ఒక్కోదానికి రోజుకు 100 గుళికలు. ఒక శనివారం మధ్యాహ్నం నిల్వ చూసుకుంటే, ఆ సాయంత్రమంతా కూర్చుని గుళికలు చేస్తే తప్ప సోమవారం ఉదయం పదిన్నరకల్లా అయిపోతాయని తేలింది. అసలు నొక్కిన ప్రతిసారీ ఎందుకివ్వాలి అనుకున్నాడు. నిమిషానికి ఒకసారి మాత్రమే ఇవ్వడం మొదలుపెట్టాడు. గుళికలు తగ్గినా ఎలుకలు నిలకడగా మీట నొక్కుతూనే ఉన్నాయి. ఈ సంగతిని 1956లో ఆయనే రాశాడు.

ఆ దారినే వెళ్లి 1957లో ఫెర్‌స్టర్ అనే తోటి పరిశోధకుడితో కలిసి, బహుమతి ఏ పద్ధతిలో వస్తే నడవడిక ఎలా మారుతుందో ఒక పెద్ద గ్రంథమే వెలువరించాడు. బీడీలు చుట్టేవాళ్లకు వెయ్యికి ఇంత అని కూలి వస్తుంది, ఎంత చుడితే ఎంతో ముందే తెలుసు. గాలం వేసి చెరువు గట్టున కూర్చున్నవాడికి ఆ లెక్క లేదు, చేప ఈసారి పడొచ్చు, పడకపోవచ్చు. ఈ రెండో రకం అలవాటే అన్నిటికంటే మొండిది, ఎందుకంటే దొరకకపోవడం కూడా అందులో మామూలే. ఆన్‌లైన్ రమ్మీలో డబ్బు పోగొట్టుకున్నవాళ్లు "ఇంకొక్క ఆట" అనడం వెనుక పనిచేసేది చాలావరకు ఇదే. వాళ్లను బుద్ధిలేనివాళ్లని తీసిపారేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

మళ్లీ అన్నం పళ్లెం దగ్గరికి వద్దాం. అక్కడ నేర్చుకుంటున్నది పిల్లాడొక్కడే కాదు. ఫోన్ ఇవ్వగానే ఏడుపు ఆగింది కదా, ఆ హాయి అక్కకు దొరికిన ఫలితం. బాధ తొలగినందువల్ల ఒక పని బలపడితే దాన్ని రుణాత్మక పునర్బలనం అంటారు. చాలామంది దీన్ని శిక్ష అనుకుంటారు, అది పొరపాటు. శిక్ష నడవడికను తగ్గిస్తుంది, ఇది పెంచుతుంది. వాడు అక్కకు, అక్క వాడికి తెలియకుండానే శిక్షణ ఇచ్చుకుంటున్నారు.

ఇవ్వడం పూర్తిగా ఆపేస్తే? మొదట్లో ఏడుపు తగ్గకపోగా పెరగొచ్చు. ఎప్పుడూ పనిచేసేది పనిచేయకపోతే మనం కూడా రిమోట్ బటన్‌ను ఇంకా గట్టిగా నొక్కుతాం కదా. సరిగ్గా ఆ సమయంలోనే పెద్దవాళ్లు టెన్షన్ పడి లొంగిపోతారు. దాంతో ఇంకా గట్టిగా ఏడిస్తేనే దొరుకుతుందని పిల్లాడికి కొత్త పాఠం అందుతుంది. ఇవ్వాలనుకుంటే మొదటిసారి అడిగినప్పుడే ఇచ్చేయడం దీనికంటే మేలని అక్కతో అన్నాను. తిన్నాక పావుగంట అని ముందే మాట అనుకోవడం ఇంకా మేలు.

"పోనీ, తింటే చాక్లెట్ ఇస్తానని చెప్పనా?" అంది అక్క. వద్దన్నాను. 1973లో వెలువడిన ఒక పరిశోధనలో, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ స్కూల్లో, స్కెచ్ పెన్నులతో బొమ్మలేయడం ఇష్టమున్న పిల్లల్లో కొందరికి గీస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందే ఆశపెట్టారు. కొన్ని రోజుల తర్వాత చూస్తే, ఆ పిల్లలు పెన్నులతో గడిపే సమయం మిగతావాళ్లతో పోలిస్తే సగానికి పడిపోయింది. చెప్పకుండా బహుమతి ఇచ్చిన పిల్లల్లో ఆ తగ్గుదల లేదు. ఇష్టం లేని పనికి బహుమతి సాయపడొచ్చు గానీ, మావాడికి ముద్దపప్పు, నెయ్యి ఇష్టమే. ఫోన్ చూస్తూ తిన్న రోజు ఏం తిన్నావురా అని అడిగితే వాడికి గుర్తుండదు. కరెంటు పోయి, ఫోన్ చార్జింగ్ కూడా అయిపోయిన రాత్రి మాత్రం కాసేపు ఏడ్చి, తర్వాత ఇంకో గరిటె పప్పు అడిగి వేయించుకున్నాడు.